కొండపక్షుల కూటములు

ఒకే జాతి పక్షులు గుంపులు కట్టుట అందరెరిగినదే. కొంగలు బారులు తీరి ఎగురును. కాకులు మూకగా చేరును. కాని పలుజాతుల పక్షులు ఒక్క దండుగా కూడి, ఆహారము వెదకుచు అడవిలో సాగిపోవుట వింతగదా! ఇట్లెందుకు జరుగును?

ఆంగ్ల ప్రకృతిశాస్త్రజ్ఞుడు హెన్రీ వాల్టర్ బేట్స్ 1848 నుండి 1859 వరకు అమెజాన్ అడవులలో సంచరించెను. రోజుల తరబడి పక్షులు అంతగా కానరాని చోట హఠాత్తుగా చెట్లన్నియు పిట్టలతో నిండిపోవుటయు, కొన్ని నిమిషములలో అడవి మరల నిశ్శబ్దమగుటయు అతడు చూచెను. చిన్న బూడిదరంగు పిట్ట యొకటి తక్కిన పక్షులను మోహపెట్టి వెంట త్రిప్పుకొనునని అచ్చటి ఆదివాసులు నమ్మెడివారు. ఇది కట్టుకథయనియు, పురుగుల వేటయే దండు పని యనియు బేట్స్ 1863లో ప్రకటించిన తన గ్రంథమున వ్రాసెను.

దాదాపు నూరేండ్లకు ఆ కథలోని సత్యాంశము బయటపడినది. అమెరికా శాస్త్రజ్ఞుడు మార్టిన్ మోయ్నిహాన్ పనామాలో పక్షికూటములను ఓపికతో గమనించి, 1962లో తన పరిశీలనలను వెలువరించెను. కొన్ని జాతులు దండుకు కేంద్రము వంటివి; తక్కినవి వాటి ననుసరించును. తక్కినవాటిచే అనుసరింపబడు కేంద్రజాతులు తరచుగా బూడిద, గోధుమ వంటి సాదా రంగులవియే! మంత్రము లేదు గాని నాయకత్వ మున్నది.

పశ్చిమ పనామాలోని చిరికీ కొండలలో ఆయనకు మరొక విశేషము కనబడెను. అచ్చటి దండులలో అనేక జాతులు నలుపు, పసుపు రంగులు కలవి. ఆండీస్ పర్వతములలోనో నీలము, పసుపు హెచ్చు. ఒకే రంగులుండుట వలన వేర్వేరు జాతులు సులభముగా కలిసి మెలగునని 1968లో ఆయన ప్రతిపాదించెను. ఇందుకు ఆక్షేపణలు లేకపోలేదు. ఈ పక్షులలో పెక్కు దగ్గరి చుట్టములు. పోలిక వంశమునుండియే రావచ్చును. అదియును గాక, గుంపులో వేరుగా కనబడు పిట్టను డేగ సులభముగా గురిపెట్టును. కావున ఒకే వేషము ప్రాణరక్షణకును కావచ్చును.

దండు వలన లాభము మాత్రము స్పష్టము. అనేక నేత్రములు శత్రువును ముందుగా కనిపెట్టును. ఒకటి కదలించిన పురుగు మరొకదానికి ఆహారమగును. ఒకటి కొమ్మ చివర, ఒకటి బెరడుపై, ఒకటి పొదలో మేయును గనుక తగవు తక్కువ. కాని కేంద్రజాతి నశించినచో ఆ కూటమి నిలుచుట కష్టము. ఒక పిట్టను కాపాడుట అనేక పక్షులను కాపాడుటయే యగును.

మన కొండ అడవులలోను ఇట్టి దండులు కలవు. ఏ పిట్ట ముందు నడచుచున్నది, ఏవి వెనుక వచ్చుచున్నవి? విద్యార్థులు ఒక నోటుపుస్తకము, కొంత ఓపిక వెంట తీసుకొనిపోయిన చాలును.