జేబులో చాకు, దానికో లాక్: ఎంతవరకు నమ్మొచ్చు?

పోయిన ఎపిసోడ్‌లో మా జగ్గయ్యపేట ధనబోడు మీద 1882లో బర్జెస్ తవ్వించిన బౌద్ధ స్తూపం గురించి మాట్లాడుకున్నాం. ఈసారి విషయం జేబులో పట్టేంత చిన్నది. మడత చాకు. ఫోన్‌లో ఒక్క నొక్కుతో ఆర్డర్ పెట్టేస్తున్నారు కదా, దాని కథ కూడా కాస్త తెలుసుకోండి.

ముందు మన ఇళ్లలోకే చూద్దాం. పేట, నందిగామ మెట్టలో పనిచేసే కత్తులు చాలావరకు మడిచేవి కావు. కొడవలి మడవదు, తాటిచెట్టు గీసే కత్తి మడవదు. బలం పడే చోట కీలు పెట్టకూడదని పెద్దలకు తెలుసు. మడిచేది ఒకటుండేది, గడ్డం గీసే పాత కత్తి. దానికి లాక్ లేదు. గీసేవాళ్ల వేళ్లే దానికి లాక్. బ్లేడు ఎటు మడుస్తుందో ఆ చేతికి ఎప్పుడూ గుర్తుండేది.

మడత చాకు చాలా పాతది. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో దొరికింది దాదాపు 2500 ఏళ్ల నాటిది. తర్వాత ఇంగ్లాండులోని షెఫీల్డ్‌లో 17వ శతాబ్దానికి పిడి వీపున స్ప్రింగు పట్టీ పెట్టడం మొదలైంది. తెరిస్తే టక్కుమంటుంది. చాలామంది ఆ టక్కును లాక్ అనుకుంటారు. అది లాక్ కాదు, స్ప్రింగు ఆపుతోంది అంతే. 1897లో స్విట్జర్లాండ్‌లో కార్ల్ ఎల్సెనర్ తెచ్చిన ఆఫీసర్ కత్తి కూడా ఈ పద్ధతిదే.

మన దేశంలో పేరు మోగింది ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్. సినిమాల్లో రౌడీ చేతిలో కటకటమంటూ తెరుచుకునే రాంపురి అక్కడిదే. ఆ చప్పుడు ఎదుటివాడిని భయపెట్టొచ్చు గానీ మన వేలిని కాపాడదు.

ఇళ్లల్లో, పొలాల్లో వాడే చాకులకు గట్టి లాక్ రావడం నిన్నమొన్నటి మాట. ఫ్రాన్స్‌లో ఒపినెల్ చాకు 1890లో పుట్టింది, దానికి తిప్పే రింగు మాత్రం 1955లో వచ్చింది. అమెరికాలో 1964లో బక్ 110 వచ్చింది. అందులో పిడి వీపున ఉన్న కడ్డీ, బ్లేడు మొదట్లో ఉన్న గాడిలో పడుతుంది. 1980లలో మైఖేల్ వాకర్ అనే ఆయన లోపలి రేకు పక్క నుంచి వచ్చి బ్లేడు మడమ కింద నిలబడే పద్ధతిని బాగుచేశాడు. ఇవాళ ఆన్‌లైన్‌లో కనిపించే చవక చాకుల్లో చాలావాటికి ఈ రేకు లాకే.

చిక్కంతా ఇక్కడే ఉంది. గాడిలో కాస్త పత్తి నూగో, మట్టో చేరితే కడ్డీ పూర్తిగా దిగదు. బయటికి తెరుచుకున్నట్టే ఉంటుంది. రేకు అరిగినా, సగమే పట్టినా జారిపోతుంది. మా బాబాయి మిరప చేలో డ్రిప్ పైపుకు కన్నం పెడదామని చాకు మొన గుచ్చాడు. మొన ఇరుక్కుంది. లాగబోతే బ్లేడు వెనక్కి మడిచి చూపుడువేలి మీద పడింది. గాయం మానింది. వేలు మాత్రం ఇప్పటికీ పూర్తిగా వంగదు. ఫోన్ టైప్ చేయాలంటే పక్క వేలే.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. లాక్ ఉన్నా లేనట్టే వాడండి. పదును వైపు బలం పడితే చాకు తెరిచే ఉంటుంది. వీపు వైపు బలం పడితే మడుస్తుంది. కాబట్టి కోయండి, గుచ్చకండి. దాంతో మూతలు ఎత్తకండి. చెయ్యి దారిలో లేకుండా చూసుకుని బయటి వైపుకు కోయండి. కొత్త చాకు వస్తే, బ్లేడు మడిచే దారిలో వేళ్లు లేకుండా పట్టుకుని, వీపు మీద మెల్లగా నొక్కి చూడండి. కదిలిందా, ఆ లాక్‌ను నమ్మొద్దు. రీల్స్ చూసి బల్లకేసి కొట్టొద్దు, దాంతో మంచి లాక్ కూడా పాడవుతుంది. మూసేటప్పుడు బొటనవేలు బ్లేడు దారిలోంచి తీశాకే మూయండి. ఎవరికైనా ఇస్తే మూసి ఇవ్వండి. కీలులో దుమ్ము దులిపి ఒక చుక్క కుట్టుమిషను నూనె వేయండి. కొబ్బరినూనె వద్దు, జిడ్డు కట్టేస్తుంది.

తెగిందా? కుళాయి నీళ్లతో కడిగి శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి. పసుపు, కాఫీపొడి అద్దకండి. రక్తం ఆగకపోయినా, వేలు వంగకపోయినా, తిమ్మిరెక్కినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి, నరం తెగి ఉండొచ్చు. టీటీ ఇంజెక్షన్ సంగతి కూడా అడగండి.

చట్టం మాట కూడా ఒకటి. ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన కత్తులు ఆయుధాల లెక్కలోకి వస్తాయి. ఇంటిపనికి, వ్యవసాయానికి చేసినవి వేరు. అలాగని చిన్న చాకు జేబులో పెట్టుకుని గొడవకు పోతే అంగుళాల లెక్క మిమ్మల్ని కాపాడదు. విమానంలో చేతి బ్యాగులోనూ పెట్టకండి.

పాతకాలం కత్తికి లాక్ లేదు కాబట్టి చెయ్యి జాగ్రత్తగా ఉండేది. ఇప్పుడు లాక్ వచ్చింది, జాగ్రత్త పోయింది. రెండూ ఉంటే ఇంకా మంచిది కదా! మీ ఇంట్లో తాతల నాటి మడత కత్తి ఉంటే, మూసి ఉన్నప్పుడే ఫొటో తీసి కామెంట్లో పెట్టండి. ఉంటాను.