కొరియా బండి, మా ఉప్పుగాలి

కారు మాట వచ్చినప్పుడల్లా మా మామయ్య గారు అడిగేది ఒక్కటే. "అది ఎన్నాళ్ళు నిలబడుతుంది?" ఎంత పెద్ద తెర ఉంది, పైకప్పు తెరుచుకుంటుందా, ఇవేవీ ఆయనకు పట్టవు. ఆయనది అంబాసిడర్ కాలం. బండి ఆగితే బానెట్ ఎత్తి, కాసేపు చల్లారనిచ్చి, మళ్ళీ బయలుదేరిన కాలం.

పోయినేడు మా పాత బండి మనుబోలు దాటాక హైవే మీద ఆగిపోయింది. రాత్రి పదిన్నర. అత్తయ్యకు మోకాలి ఆపరేషన్ చేయించి చెన్నై నుంచి తీసుకొస్తున్నాం. పక్కన లారీలు హోరుమని పోతుంటే ఆమె కాలు చాపుకోలేక, ముడుచుకోలేక గంటన్నర కూర్చుంది. ఒక్క మాట కూడా అనలేదు. అందుకే నాకు ఇంకా బాధేసింది. ఇల్లు చేరేసరికే కొత్త బండి తీసుకోవాలని అనుకున్నాం. ఆరుగురం పట్టాలి, అత్తయ్య వంగకుండా ఎక్కగలగాలి.

చూసినవాటిలో మావారికి నచ్చినవన్నీ కొరియా కంపెనీలవే. మామయ్య గారు తల అడ్డంగా ఊపారు. "బండి బాగుంటే సరా? వాళ్ళు మూటాముల్లె సర్దుకోని పోతే సామాను ఎట్ట దొరుకుద్ది?"

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. 1990ల్లో దేవూ అనే కొరియా కంపెనీ సియెలో కారుతో మన దేశానికి వచ్చింది. తర్వాత మాటిజ్ అని ముద్దొచ్చే చిన్న కారు తెచ్చింది. 2000లో కొరియాలోని అసలు కంపెనీయే దివాలా తీసింది. దాన్ని కొన్న జనరల్ మోటార్స్ ఇక్కడి ఫ్యాక్టరీని తీసుకోలేదు. కారు బాగానే ఉన్నా విడిభాగాల కోసం కొన్నవాళ్ళు తిరగాల్సి వచ్చింది. అలాగని ఇది కొరియా వాళ్ళకే అంటిన మచ్చ కాదు. జనరల్ మోటార్స్ 2017లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. 2021లో ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు చెప్పింది. రెండూ అమెరికావే.

అదే రోజుల్లో వచ్చిన ఇంకో కొరియా కంపెనీ మాత్రం పాతుకుపోయింది. హ్యుందాయ్ 1996లో మన దేశంలో సంస్థ పెట్టి, చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు పక్కన ఫ్యాక్టరీ కట్టి, 1998లో శాంట్రో తెచ్చింది. పెళ్ళి బట్టలకూ పెద్దాసుపత్రికీ చెన్నై వెళ్ళే నెల్లూరు వాళ్ళకు అది పక్కూరి బండి లాంటిదే. 2015లో క్రెటా వచ్చాక ఎత్తుగా, పొడుగ్గా ఉండే కుటుంబం కారంటే అదే అన్నంతగా జనం దానికి అలవాటు పడ్డారు.

ఈ హ్యుందాయ్ కథలో నాకు బాగా నచ్చింది వాళ్ళు పరువు పోగొట్టుకుని మళ్ళీ తెచ్చుకున్న తీరు. 1986లో ఎక్సెల్ అనే చవక కారుతో అమెరికా వెళ్ళారు. మొదటి ఏడాదే లక్షా అరవై వేలకు పైగా అమ్ముడయ్యాయి. కొన్నాళ్ళకే నాసిరకమని పేరు పడి నవ్వులపాలయ్యారు. 1998లో, కొత్త ఏడాది మోడళ్ళకు, ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ పదేళ్ళు లేదా లక్ష మైళ్ళ వారంటీ ప్రకటించారు. చెడితే ఖర్చు తమదే కాబట్టి చెడని బండి చేయక తప్పని పరిస్థితి తామే తెచ్చుకున్నారు. 2004లో జె.డి. పవర్ సంస్థ కొత్త కార్లలో లోపాలు లెక్కపెడితే హ్యుందాయ్ హోండాతో సమానంగా రెండో స్థానంలో నిలిచింది.

అయితే ఆ లెక్క కొన్న మొదటి మూడు నెలలదే. పెళ్ళయిన మూడు నెలలకే కాపురం ఎలా ఉందో చెప్పమన్నట్టు ఉంటుంది. 2015లో అదే కంపెనీ అమెరికాలో కొన్ని సొనాటా కార్లను వెనక్కి పిలిచింది. తయారీలో ఇంజిన్ లోపల మిగిలిపోయిన లోహపు రజను వల్ల ఇంజిన్లు పాడయ్యే ప్రమాదం ఉందని తేలింది. కొత్తగా ఉన్నప్పుడు బాగుండటం వేరు, ఏళ్ళ తరబడి నిలవడం వేరు.

ఇక రెండో కంపెనీ కియా. 1944లో సైకిల్ భాగాలతో మొదలై, 1997లో దివాలా తీసి, మరుసటేడు హ్యుందాయ్ చేతికి వచ్చింది. ఇది మన పెనుకొండకు వచ్చిందని విన్నప్పుడు నాకు బి.ఏ. రోజులు గుర్తొచ్చాయి. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని పెనుకొండకే మార్చుకున్నారని చదువుకున్నాం. ఆ పెనుకొండ పక్కన, ఎర్రమంచి దగ్గర, 2017లో ఒప్పందం కుదిరి, 2019లో సెల్టోస్ బయటికొచ్చింది. కరువు సీమలో ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ! మనవాళ్ళ చేతుల మీద తయారైన బండి అని గర్వం కలిగింది.

కానీ గర్వం చూసి బండి కొనకూడదు కదా. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ బండిని గుద్దించి పరీక్షిస్తే 2020లో సెల్టోస్‌కీ, 2022లో క్రెటాకీ కేరెన్స్‌కీ పెద్దవాళ్ళ రక్షణలో అయిదుకి మూడేసి నక్షత్రాలే వచ్చాయి. ఆగకుండా నడవడం ఒకటి, గుద్దుకుంటే కాపాడటం ఇంకొకటి. 2022లోనే కేరెన్స్ బండ్లు 44 వేలకు పైగా ఎయిర్‌బ్యాగ్ సాఫ్ట్‌వేర్ చూడటానికి వెనక్కి పిలిచారు. అది చదివి మొదట భయపడ్డాను. తర్వాత ఆలోచిస్తే, తప్పు ఒప్పుకుని ఉచితంగా సరిచేసేవాళ్ళే నయమనిపించింది. పాత బండి కొనేవాళ్ళు మాత్రం ఛాసిస్ నంబరు చెప్పి ఆ పని జరిగిందో లేదో సర్వీస్ సెంటర్‌లో అడిగి తీరాలి.

ఇంత చదివినా అసలు పాఠం మా మెకానిక్ చెప్పాడు. పాత బండిని లిఫ్ట్ మీద ఎక్కించి నన్ను పిలిచాడు. "పైన మెరుపు చూడబాకండమ్మా, కింద చూడండి." డిక్కీ కింది రేకు అప్పడంలా విరుగుతోంది. సముద్రగాలి వల్లేనా అని అడిగాను. "గాలి కొంతేనమ్మా. ఇందులో చేపలు తెస్తారా?"

నా నోట మాట రాలేదు. ఎనిమిదేళ్ళుగా ప్రతి ఆదివారం మైపాడు నుంచి వంజరం, రొయ్యలు ఐసులో పెట్టుకుని ఆ డిక్కీలోనే తెచ్చాం. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు కార్పెట్ కిందకు దిగి, అక్కడే నిలిచి, రేకుతో పాటు వైర్లను కూడా తినేశాయి. ఆ రాత్రి బండి ఆగింది ఆ వైర్ల వల్లే. ఇన్నాళ్ళూ కంపెనీని తిట్టుకున్నాం. తప్పులో ఎక్కువ భాగం మాదే.

ఆ తర్వాత బండి చూసే పద్ధతి మార్చాను. షోరూం మానేసి, మా సముద్రం ఊళ్ళలోనే అయిదారేళ్ళుగా అదే బండి నడుపుతున్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళాను. తలుపుల అడుగు అంచులు, నీళ్ళు పోయే చిల్లులు, సైలెన్సర్ అతుకులు చూశాను. ఏసీ ఎన్నిసార్లు బాగుచేయించారు, సామాను ఎన్ని రోజులకు వచ్చింది అని అడిగాను. ఒకే రకం బండి ఒకింట్లో కొత్తగా, ఇంకో ఇంట్లో రొయ్యల గుంటల దగ్గర నిలిచి తుప్పు పట్టి కనిపించింది. కంపెనీ చరిత్ర సగమే చెబుతుంది. మిగతా సగం వాడినవాళ్ళ దగ్గరే ఉంది.

చివరికి పెనుకొండ బండే తీసుకున్నాం. మూడు నక్షత్రాల సంగతి మరిచిపోలేదు. వెనక సీట్లోనూ బెల్టు పెట్టుకుంటేనే మావారు బండి తీస్తారు. పదిహేను రోజులకోసారి అడుగుభాగం మంచినీళ్ళతో కడిగిస్తున్నాం. అత్తయ్య వంగకుండా ఎక్కి కూర్చుంది. మామయ్య గారేమో వాకిట్లో చాప పరిపించుకుని, కింద పడుకుని టార్చి వేసి చూశారు. "ఇప్పటికైతే బానే ఉందిలే. పదేళ్ళయినాక చెప్తా" అన్నారు.

చేపలు మాత్రం ఇప్పుడు మావారి మోటార్‌సైకిల్ మీదే వస్తున్నాయి.