కట్టని నౌక, కట్టని ఆనకట్ట: రామపాదసాగరానికి చరిత్రలో దక్కాల్సిన చోటు

మన నీటిపారుదల చరిత్రల్లో ఒక లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ధవళేశ్వరం దగ్గర కాటన్ కట్టించిన ఆనకట్టకు అధ్యాయాలకు అధ్యాయాలు కేటాయిస్తారు. అక్కణ్ణుంచి కథ నేటి పోలవరం ప్రాజెక్టు మీదికి దూకేస్తుంది. మధ్యలోని రామపాదసాగరానికి దక్కేది ఒక్క పేరా. 1940లలో మద్రాసు ప్రభుత్వం అనుకుంది, ఖర్చుకు జడిసి మానుకుంది, అంతే. పోలవరం కుడి కాలువ గట్టు వెంట తిరిగినప్పుడల్లా ఆ ఒక్క పేరా నాకు అన్యాయంగా తోచింది. కట్టనిదానికి చరిత్ర లేదనే అభిప్రాయాన్ని ఈ వ్యాసం ఖండిస్తుంది. రామపాదసాగరం కాగితం దాటకపోయినా, ఈనాటి పోలవరానికి అచ్చు పోసింది అదేనన్నది నా ప్రతిపాదన.

నౌకా చరిత్రకారుల పద్ధతి

కట్టని నమూనాలను ఎలా చదవాలో యుద్ధనౌకల చరిత్రకారులను చూసి నేర్చుకోవాలి. నీళ్లలోకి దిగిన ఓడతో పాటు దిగని ఓడనూ వాళ్లు లెక్కలోకి తీసుకుంటారు. 1940లో అమెరికా మోంటానా తరగతి యుద్ధనౌకలు ఐదింటిని మంజూరు చేసింది. ఒక్కో నౌకకు 16 అంగుళాల ఫిరంగులు పన్నెండు. నౌక వెడల్పు 121 అడుగులు. అప్పటి పనామా కాలువ లాకుల వెడల్పు 110 అడుగులే. అంతకంటే వెడల్పైన ఓడల కోసం మూడో వరస లాకుల తవ్వకం 1940లో మొదలై, యుద్ధం మధ్యలో 1942లో ఆగిపోయింది. మరుసటి ఏడు జులైలో ఆ ఐదు నౌకలనూ రద్దు చేశారు. ఒక్కదానికీ అడుగు దూలం పడలేదు. అయినా మోంటానా కోసం ఆలోచించిన ఇంజన్ గదుల అమరిక మిడ్‌వే తరగతి విమానవాహక నౌకలకు దారి చూపింది. ఆనాడు తవ్వి వదిలేసిన లాకుల గోతులను 2016లో ప్రారంభమైన పనామా కాలువ విస్తరణలో వాడుకున్నారు. రద్దయిన నౌకల కాలంనాటి తవ్వకం, 70 ఏళ్ల తర్వాత సరుకు ఓడలకు దారైంది.

బ్రిటన్‌లోనూ ఇదే వరస. లయన్ తరగతిలో రెండు నౌకల పని 1939లో మొదలై ఆగిపోయింది. ఆ నమూనాను ఆధారం చేసుకుని, కరేజియస్, గ్లోరియస్ నౌకల నుంచి తీసి దాచిన 15 అంగుళాల ఫిరంగులు బిగించి, వాన్‌గార్డ్‌ను 1946లో నౌకాదళంలో చేర్చారు. సీవీఏ-01 విమానవాహక నౌకను 1966 ఫిబ్రవరిలో రద్దు చేశారు. దానికి కాపలాగా అనుకున్న టైప్ 82 నౌకల్లో బ్రిస్టల్ ఒక్కటే తయారైంది. అసలు నౌక పుట్టనే లేదు, దాని కాపలా నౌక మాత్రం 1973లో విధుల్లో చేరింది.

మన విశాఖపట్నానిదీ అదే అనుభవం. సైనికులను, వాహనాలను తీరానికి దింపే నాలుగు భారీ నౌకలు కావాలని భారత నౌకాదళం తలపెట్టింది. టెండరు గెలిచిన ప్రైవేటు యార్డు రెండు కట్టాలి, అదే నమూనాలో మరో రెండు హిందుస్థాన్ షిప్‌యార్డు కట్టాలి అన్నది తొలి ఆలోచన. ఏళ్ల తరబడి సాగిన ఆ టెండరు 2020లో రద్దయింది. 2021లో మళ్లీ కొత్తగా సమాచారం కోరారు. ఆ నౌకలు రాలేదు. కానీ 2023 ఆగస్టులో హిందుస్థాన్ షిప్‌యార్డుకు ఐదు ఫ్లీట్ సపోర్ట్ నౌకల ఒప్పందం దక్కింది. ఒక్కొక్కటి 44 వేల టన్నులది, మొత్తం విలువ సుమారు 19 వేల కోట్ల రూపాయలు. రాని నౌకల కోసం పడ్డ తర్ఫీదే ఈ ఐదింటికి దారి వేసిందని నా నమ్మకం.

ఖర్చువాదంతో పేచీ

రామపాదసాగరం మీద ఇన్నాళ్లుగా సభల్లో, సంచికల్లో చెలామణి అవుతున్న వివరణను ఇక్కడ ఖర్చువాదం అంటాను. డబ్బు లేక కట్టలేదు, కట్టలేదు గనుక దాని ప్రభావమూ లేదు. వాదమంతా ఈ రెండు మెట్లే. మొదటి మెట్టు సగం నిజం, రెండో మెట్టు పూర్తిగా తప్పు.

1941 జులైలో ప్రతిపాదన వచ్చింది. మద్రాసు నీటిపారుదల శాఖ చీఫ్ ఇంజనీరు దివాన్ బహదూర్ ఎల్. వెంకటకృష్ణ అయ్యర్ స్థలం సర్వే చేయించినప్పుడు దాని లక్ష్యం పరిమితమే. మూడున్నర లక్షల ఎకరాలకు రెండు పంటల నీరు, 40 మెగావాట్ల కరెంటు. 1946-47లో వివరమైన పరిశోధన జరిగి, 1948 నాటికి అదే పథకం 27 లక్షల ఎకరాలకు, 150 మెగావాట్లకు పెరిగింది. పూర్తి నీటిమట్టం 208 అడుగులు. వెనక నీరు భద్రాద్రి రాముడి పాదాలను తాకుతుందనే ఆ పేరు పెట్టారు. ఖర్చుకు జంకే ప్రభుత్వమైతే ఏడేళ్లలో లక్ష్యాన్ని దాదాపు ఎనిమిది రెట్లు పెంచుతుందా? ఈ ప్రశ్నకు ఖర్చువాదుల దగ్గర జవాబు లేదు.

ఇసుక చెప్పే సాక్ష్యం

పథకాన్ని ఆపింది ప్రధానంగా గోదావరి అడుగు. పోలవరం దగ్గర నది అడుగున రాయి తగలాలంటే ఎంతో లోతున ఇసుక దాటాలి. రామపాదసాగరం రాతి కట్టడపు డ్యాం. పునాది నుంచి శిఖరం దాకా 428 అడుగులు. అందులో సగానికి పైగా ఇసుకలోనే కూరుకుని ఉండాలి. అంటే పైకి కనిపించే డ్యాం కంటే కనిపించని డ్యాం పెద్దది. అంత లోతు తవ్వాలంటే నది నడుమ భారీ కాఫర్ డ్యాం కట్టి, నీళ్లు తోడుతూ, ఎర్రనీరు రాకముందే పని ముగించాలి. ఆనాటి యంత్రాలతో అది తలకు మించిన పని.

ఇప్పుడు నేటి పోలవరాన్ని చూడండి. రాతి డ్యాంను నది నడుమ దించే ఆలోచనే లేదు. 48 గేట్ల స్పిల్‌వేను కుడి పక్కకు, గట్టి రాయి ఉన్నచోటికి జరిపారు. 2021లో నదినే అటు మళ్లించారు. అసలు నదీగర్భంలో కట్టేది మట్టి, రాళ్లతో పోసే డ్యాం. దాని కింద ఇసుక గుండా రాతి దాకా దించిన పలుచని కాంక్రీటు గోడ, మనం రోజూ పేపర్లో చదివే డయాఫ్రం వాల్. నదీగర్భాన్నంతా అంత లోతు తవ్వడం ఎంత కష్టమో రామపాదసాగరం చూపింది; అలా తవ్వకుండా, సన్నని కందకంలో గోడ దించే మార్గానికి నేడు వచ్చారు. వరదల్లో ఆ గోడ దెబ్బతిని, 2025లో కొత్త గోడ పని మొదలైందంటే, ఆనాడు ఇంజనీర్లను ఆపిన ఇసుకే నేటికీ ప్రాజెక్టు గతిని శాసిస్తోందన్నమాట.

కాలువలు చెప్పే సాక్ష్యం

అంతకంటే బలమైన ఆధారం కాలువలది. రామపాదసాగరం ఎడమ కాలువ 130 మైళ్లు, విశాఖ రేవు దాకా. కుడి కాలువ 124 మైళ్లు, విజయవాడ దగ్గర కృష్ణ దాకా. అక్కడ కృష్ణ మీద అక్విడక్టు (కాలువను నది దాటించే వంతెన) కట్టి గుండ్లకమ్మ నది దాకా మరో 143 మైళ్లు. నేటి పోలవరం ఎడమ కాలువ సుమారు 181 కిలోమీటర్లు, విశాఖ దిశగా. కుడి కాలువ 174 కిలోమీటర్లు, ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలోకి. పొడవు తగ్గింది, నీటిమట్టం 208 అడుగుల నుంచి 150కి దిగింది, విద్యుత్ కేంద్రం కుడి గట్టు నుంచి ఎడమ గట్టుకు మారింది. కృష్ణ దాటిన భాగం పోయినా, విశాఖ, కృష్ణ అనే రెండు గమ్యాలు మాత్రం మారలేదు. 2015 నుంచి పట్టిసీమ పంపులు ఎత్తిపోస్తున్న గోదావరి నీరు డ్యాం పూర్తికాకముందే కృష్ణా డెల్టాకు అందుతున్నదంటే, అది ఆ పాత గీత వెంట పారుతున్న నీరే. గోదావరి-పెన్నా అనుసంధానం గురించి ఈనాడు జరుగుతున్న చర్చకు మూలం కూడా కృష్ణను దాటి గుండ్లకమ్మ దాకా వెళ్లాలన్న ఆ ఆలోచనేనని నా అభిప్రాయం. నేల వాలును బట్టి ఏ ఇంజనీరైనా ఇదే దారి గీసేవాడన్న అభ్యంతరం ఉంది. కానీ వాలు దారి చూపుతుందే తప్ప కృష్ణను దాటి గుండ్లకమ్మకు వెళ్లమని చెప్పదు.

విశాఖ రేవును ఎందుకు ఎంచుకున్నారన్నదీ ఆలోచించాలి. సింధియా కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి అక్కడ బాబూ రాజేంద్రప్రసాద్ 1941 జూన్ 21న శంకుస్థాపన చేశారు. సరిగ్గా మరుసటి నెలలోనే పోలవరం ప్రతిపాదన. 1948లో ఆ యార్డు నుంచి జలఉష నీళ్లలోకి దిగింది. అదే ఏడు రామపాదసాగరం తుది రూపం దిద్దుకుంది. నౌకల రేవును, జలాశయాన్ని ఒకే కాలువతో కలపాలన్నది ఆ తరం సమగ్ర దృష్టి అనిపిస్తుంది. ఆంధ్ర తీరపు పారిశ్రామిక భవిష్యత్తుకు తొలి పటం రామపాదసాగరమే.

మనుషుల రూపంలోనూ ఆ నమూనా బతికింది. దాని మీద పనిచేసిన డాక్టర్ కె.ఎల్. రావు తర్వాత ఢిల్లీలో డిజైన్ల డైరెక్టరై, కేంద్ర మంత్రిగా ఎదిగి, దేశపు జలవిధానాన్ని తీర్చిదిద్దారు. నాగార్జునసాగర్ వెనక ఉన్న ఆత్మవిశ్వాసం పోలవరం ఇసుకలో పుట్టిందేనని నా నమ్మకం.

ముగింపు

దేశాలు తాము కట్టని యుద్ధనౌకల గీతలను భద్రపరచి, అచ్చువేసి, విద్యార్థులకు పాఠం చెబుతున్నాయి. మనం కట్టని ఆనకట్టను ఒక పేరాతో సరిపెట్టుకున్నాం. రామపాదసాగరం అంచనాలను, పటాలను, నదిలో వేసిన బోరుబావుల వివరాలను సేకరించి, స్కాన్ చేసి, తెలుగు వివరణలతో ప్రచురించాలి. ఈ పనిని జలవనరుల శాఖ, విశ్వవిద్యాలయాల సివిల్, మెరైన్ ఇంజనీరింగ్ విభాగాలు కలిసి చేపట్టాలి. గోదావరి జిల్లాల్లో రిటైరైన ఇంజనీర్ల ఇళ్లలో పాత కాగితాలు ఉంటే, చెదలకు వదలకుండా దగ్గరలోని గ్రంథాలయానికి అప్పగించాలని మనవి. ఇకమీదట పోలవరం చరిత్ర రాసేవారు 1941 నుంచే మొదలుపెట్టాలి.