పూటకూటింటి నుంచి ఫుడ్ ట్రక్కు దాకా

చదువు ముగించిన పిల్లవాడు పట్నం వెళ్లి ఫుడ్ ట్రక్కు పెడతానంటే పెద్దలు నొసలు చిట్లిస్తారు. మా హత్నూర వైపు కంపెనీలో నౌకరీ అంటే సంతోషం, గరిటె పడతానంటే నామోషీ. అయితే అన్నం అమ్ముకోవడం తెలుగువారికి నిన్న మొన్న వచ్చిన విద్య కాదు. దాని పూర్వోత్తరాలు చెప్పుకుంటే ఈ వృత్తిలో అసలు కష్టం ఎక్కడున్నదో కూడా తెలుస్తుందని ఈ టపా వ్రాస్తున్నాను.

ముందు మాటను చూద్దాం. 'పూటకూడు' అంటే వెల తీసుకొని పూటకు పెట్టే కూడు. బహువచనంలో కూళ్లు, ఔపవిభక్తికంగా కూటి. అందుకే పూటకూళ్లమ్మ, పూటకూటిల్లు. సత్రంలో అన్నం ధర్మం, పూటకూటింట అన్నం బేరం. ఈ భేదం మన పూర్వులకు స్పష్టంగా తెలుసు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన 'క్రీడాభిరామం'లో ఓరుగల్లు వీధుల వర్ణన ఉన్నది. లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు మేలైన అన్నం, పిండివంట, నెయ్యి, పప్పు, పెరుగుతో భోజనం దొరుకుతుందని అందులో ఒక పద్యం చెబుతుంది. వంటకాల పట్టిక, ధర, చిరునామా మూడూ ఒక్క పద్యంలో ఇమిడిన ఆ రచనను నేటివారు చూస్తే ప్రకటన అనుకుంటారు.

1892లో తొలిసారి ప్రదర్శితమై 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'లో పూటకూళ్లమ్మను ఎరుగనివారు లేరు. గిరీశం చేతిలో మోసపోయిన ఆమెను చూసి నవ్వుకుంటాం గాని, ఒక వితంతువు తన చేతివంటతో తన కాళ్లమీద నిలబడిందన్న సంగతిని అంతగా గమనించం. ఓరుగల్లు వజ్ఝలకైనా, విజయనగరం పూటకూళ్లమ్మకైనా పెట్టుబడి రెండే: చేతివంట, తలమీద ఒక కప్పు. తినేవాడే వారి గడప తొక్కేవాడు.

ఆ వంటిల్లు చక్రాలెక్కింది పని వేళలు మారినందువల్ల. అమెరికాలో 1866లో ఛార్లెస్ గుడ్‌నైట్ అనే పశువుల వ్యాపారి, నెలల తరబడి మందలు తోలే కూలీల కోసం ఒక సైనిక బండిని వంటబండిగా మార్చాడు. 1872లో ప్రావిడెన్స్ నగరంలో వాల్టర్ స్కాట్ అనే ఆయన గుర్రపు బండిలో తినుబండారాలు పెట్టుకొని, రాత్రిపూట పత్రికా కార్యాలయంలో పనిచేసేవారికి అమ్మాడు. (నవలాకారుడు స్కాట్ వేరు!) హోటళ్లు మూసే వేళకు ఆకలి వేసేవారు పుట్టారు, వారి కోసం బండి పుట్టింది. 2008లో లాస్ ఏంజెలెస్‌లో రాయ్ చోయ్ ప్రభృతులు నడిపిన 'కోగి' ట్రక్కు, ఏ వేళ ఎక్కడ నిలుస్తుందో ట్విట్టర్‌లో చాటి జనాన్ని రప్పించుకున్నది. నేటి ఫుడ్ ట్రక్కుల మోజుకు అదే నాంది.

మన దగ్గరా కథ ఇదే. 1960ల్లో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. వచ్చింది. తరువాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు పెరిగాయి. మందుల కంపెనీలు మా హత్నూర మండలం దాకా వ్యాపించాయి. షిఫ్టు దిగేవాడికీ ఎక్కేవాడికీ మధ్య ఉన్న కొద్దిపాటి వ్యవధిలో గేటు ఎదుట ఇడ్లీ బండే అన్నపూర్ణ. హైదరాబాదు నాంపల్లిలో తెల్లవారుజామున దోసెలు వేసిన 'రామ్ కీ బండి' పేరు పొంది దుకాణాలుగా విస్తరించింది.

ఇల్లు పోయి చక్రం వచ్చినప్పుడు ఖర్చు తగ్గింది. దానితోపాటు నిలిచే చోటు మీద హక్కూ పోయింది. చరిత్రలో నాకు తోచిన అసలు మలుపు ఇదే. 1989లో సోదాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, వీధి వ్యాపారం రాజ్యాంగం 19(1)(జి) అధికరణ కిందికి వచ్చే హక్కేనని, సహేతుకమైన ఆంక్షలకు లోబడి ఉండాలని తీర్పు చెప్పింది. కాని ఫలానా చోటే నాదనే హక్కు ఎవరికీ లేదని కూడా అన్నది. అమ్ముకోవచ్చు, ఎక్కడన్నది మాత్రం తేలలేదు! ఆ లోటు తీర్చడానికే 2014లో వీధి విక్రేతల చట్టం వచ్చింది. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు విక్రేతలే కావాలి, వారిలో మూడోవంతు స్త్రీలుండాలి. సర్వే ముగిసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించరాదు. తొలగించవలసి వస్తే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.

ఇక 2024 జనవరి చివర జరిగినది మిత్రులకు గుర్తుండే ఉంటుంది. మాదాపూర్‌లో రోడ్డు పక్కన మధ్యాహ్న భోజనం అమ్మే కుమారి ఆంటీ యూట్యూబు పుణ్యమా అని ప్రసిద్ధురాలైంది. జనం పోటెత్తారు, వాహనాలు నిలిచిపోయాయి, పోలీసులు అక్కడ అమ్మవద్దన్నారు. మరునాడే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యంతో ఆమెకు అక్కడే అమ్ముకునే వీలు కలిగింది. సంతోషమే. కాని పేరు చోటును పోగొట్టింది, మళ్లీ ఆ పేరే చోటును ఇప్పించింది. పేరులేని బండివాడికి దిక్కెవరు? కీర్తి వల్ల దక్కేది అనుగ్రహం, చట్టం వల్ల దక్కేది హక్కు. రోడ్డున పోయేవారికీ దారి కావాలి, కాదనను. ఆ రెండింటినీ పొసగించడమే కమిటీ పని.

అందుచేత పట్నం బయలుదేరే పిల్లలకు ఈ పాత పంతులు చెప్పేది ఇంతే. ట్రక్కు కొనే ముందు చోటు వెదకండి. ఆ వార్డులో విక్రయ మండలం ఎక్కడో మున్సిపాలిటీలో అడగండి. బండి రూపం మారిస్తే రవాణా శాఖ అనుమతి కావాలి. ఆహార భద్రతా సంస్థలో నమోదు కావాలి. ఇంటి గ్యాసు సిలిండరు వ్యాపారానికి పనికిరాదు, 19 కిలోల వాణిజ్య సిలిండరే వాడాలి. వంట మీ అమ్మ దగ్గర నేర్చుకోవచ్చు. ఈ కాగితాల సంగతి మాత్రం ముందే కనుక్కోవాలి.

ఓరుగల్లు కవి భోజనంతోపాటు ఇంటి గుర్తునూ పద్యంలో కెక్కించాడు. నేటి బండివాడికి కావలసిందీ ఆ గుర్తే: రేపు కూడా ఇక్కడే ఉంటానని చెప్పగలిగే చిరునామా.