తడి తల

వెస్ట్ మారేడ్‌పల్లిలో రెండో అంతస్తు. శనివారం రాత్రి ఏడైంది. గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి రాగానే చేపల పులుసు వాసన, దాని వెనకే గొంతులు.

"రేపు పొద్దున నీళ్ళలోకి దిగుతున్నాను నాయనమ్మా."

"మళ్ళీనా? మూడో నెలలోనే అయ్యగారు ఇచ్చారు కదరా బాప్తిస్మం. పద్నాలుగో ఏట బిషప్‌గారు తల మీద చెయ్యి పెట్టారు. ఆ ఫోటో కనబడట్లేదూ?"

మీరూ అటు చూస్తారు. టీవీ పైన, నూనె రాసి దువ్విన తలతో, తెల్ల చొక్కాలో వాడే. ఈ ఇంటిది సి.ఎస్.ఐ. 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొందరు కలిసి ఏర్పరచుకున్న సంఘం. అక్కడ పసిబిడ్డకిచ్చిన బాప్తిస్మమే బాప్తిస్మం, రెండోసారి ఉండదు. కుర్రాడు ఈమధ్య వెళ్తున్న సహవాసంలో చిలకరింపు చెల్లదు. మారుమనస్సు పొందినవాడే మునగాలి.

"అప్పుడు నాకేం తెలుసు? ఎత్తుకెళ్ళారు, వచ్చాను. కన్ఫర్మేషన్ క్లాసుకెళ్ళింది కూడా బిర్యానీ పెడతారనే."

వంటింట్లోంచి మేనత్త నవ్వు. ముసలావిడ నవ్వదు. ఆవిడ పుట్టిల్లు ఒంగోలు వైపు, బాప్టిస్టులు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు ఉద్యోగిని చేసుకుని వచ్చి సి.ఎస్.ఐ. అయింది. ఆడపిల్ల సంఘం మారితే పెళ్ళి, మగపిల్లాడు మారితే తిరుగుబాటు!

"మా ముత్తాత గుండ్లకమ్మలో మునిగినవాడు" అంటుంది. ఒంగోలు వైపు ఇంకా తలుచుకునే రోజది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది మునిగారు. ఎక్కువమంది మాదిగలు. అంతకుముందు కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు పట్టి వాళ్ళకు కూలి చూపించాడు. కానీ అన్నాళ్ళూ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, కూటి కోసం వచ్చేవాళ్ళు వద్దని. కరువు సాయం ఆపాకే నదిలోకి దించాడు.

కుర్రాడు ముందుకు జరుగుతాడు. "చూశావా? మీ ముత్తాతా అమ్మానాన్నల దేవుణ్ణి కాదనుకుని వచ్చినవాడే."

"ఒక్కడే రాలేదురా. గూడెమంతా నడిచొచ్చింది. నీతో ఎవరొస్తున్నారు?"

దానికి వాడి దగ్గర జవాబు లేదు. ముత్తాతను ఒంటరి వీరుణ్ణి చేద్దామంటే గుండ్లకమ్మ ఒప్పుకోదు. అలాగని గూడెంతో పాటు దిగినవాడి విశ్వాసం అరువు తెచ్చుకున్నదనీ అనలేం.

మేనత్త గరిటతో సహా వచ్చేసింది. "రేపు నీ పెళ్ళికి మూడు ఆదివారాలు ప్రకటన ఎవరు చదువుతార్రా?"

"సభ్యత్వం తీసెయ్యమని నేనడిగానా అత్తా?"

"నువ్వడగాలా? తెలిస్తే కమిటీవాళ్ళే తీసేస్తారు."

నాయనమ్మ మాత్రం కమిటీని పట్టించుకోదు. "పొద్దున చర్చిలో నా పక్కన చోటు ఖాళీగా ఉంటే అయ్యగారు నన్నే అడుగుతారు. ఏం చెప్పమంటావు?"

"ఆరింటికే అయిపోతుంది నాయనమ్మా. తొమ్మిదిన్నర ఆరాధనకి నీతోనే వస్తాను."

"తడి తలతోనా?"