తెర వెనక మిస్త్రీ

ముస్లింల చరిత్ర అనగానే తెలుగు పాఠకుడికి గుర్తొచ్చేవి నాలుగు. చార్మినార్, నిజాం నగలు, బిర్యానీ, రజాకార్లు. ఈ నాలుగింటిలో మేం ఎక్కడున్నాం? నిజాం నగ మా అమ్మల మెడలో ఏనాడూ పడలేదు. మా ఇళ్లలో ఉన్నవి కుట్టుమిషన్, బీడీల చాట, పానా, పట్కారు, స్క్రూడ్రైవర్. మా చరిత్ర అక్కణ్నించే మొదలు కావాలి. అందుకే ఇక్కడ పాత పెద్ద టీవీల రిపేరు చరిత్ర చెప్తున్నాను. నవ్వొస్తే నవ్వండి. కానీ మీ హాల్లో 29 అంగుళాల డబ్బా ఉన్నట్టుండి ఆగిపోయిన రోజు ఎవరికి కబురు పెట్టారో ఒకసారి గుర్తు చేసుకోండి.

టీవీ కంటే ముందు రేడియో ఉంది. హైదరాబాద్ రేడియో స్టేషన్ 1935లో నిజాం సర్కారు చేతికి వచ్చింది. ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడంలోనూ మాట్లాడింది. 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసిపోయింది. ఆ నడుమ 1948 సెప్టెంబర్ ఉంది. పోలీసు చర్య తర్వాత మారింది గద్దె ఒక్కటే కాదు. 1918 నుంచి ఉస్మానియాలో ఉర్దూలో నడిచిన పై చదువు ఆగిపోయింది. ఉర్దూ చదువుకు ఉద్యోగం దొరికే రోజులు పోయాయి. దఫ్తర్లలో కలం పట్టినవాళ్ల పిల్లలు ఎందరో చేతిపనికి దిగారు. సైకిలు, గడియారం, కుట్టుపని, రేడియో. కలం పోయినచోట సోల్డరింగ్ ఐరన్ వచ్చింది. దీన్ని ఏ పాఠ్యపుస్తకంలోనూ చరిత్ర అనలేదు. 'పాపం వెనకబడ్డారు' అని మాత్రం అన్నారు.

టీవీ మన దగ్గరికి ఆలస్యంగా వచ్చింది. ఢిల్లీలో 1959 సెప్టెంబర్ 15న మొదలైతే, హైదరాబాద్ దూరదర్శన్ ప్రసారాలు 1977లో మొదలయ్యాయి. దానికి కాస్త ముందు, 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు 'సైట్' ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు బొమ్మ పంపారు. వాటిలో తెలుగు పల్లెలూ ఉన్నాయి. ఆ సెట్లు తయారుచేసింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. ఈసీ టీవీ అంటే ఇప్పటికీ పాతవాళ్ల మొహం వెలుగుతుంది. ఇంజనీర్ల పేర్లు సంస్థ రికార్డుల్లో ఉంటాయి, ఉండాల్సిందే. మరి గల్లీల్లో ఆ సెట్లను ఏళ్ల తరబడి బతికించినవాళ్ల పేర్లు ఏ రికార్డులో ఉన్నాయి?

వాళ్లు ఐటీఐ సర్టిఫికెట్లున్నవాళ్లు కారు. ఉస్తాద్ దగ్గర షాగిర్దుగా చేరిన పదేళ్ల పోరలు. చాయ్ తేవడం, దుమ్ము దులపడం, పాత బోర్డుల నుంచి కండెన్సర్లు ఊడదీయడం. రెండేళ్లకు గానీ ఐరన్ చేతికిచ్చేవారు కాదు. సర్క్యూట్ డయాగ్రం ఇంగ్లీషులో ఉండేది, ఉస్తాద్ దాన్ని దక్కనీలో చెప్పేవాడు, ఆ పోరడు ఇంటికొచ్చిన గిరాకీకి తెలుగులో చెప్పేవాడు. మూడు భాషల మీద నడిచిన ఈ చదువుకు పట్టా లేదు, పరీక్ష లేదు. ఇది మా ఒక్కరి సొత్తని అనను. విశ్వబ్రాహ్మణ పిల్లలు, దళిత పిల్లలు, బీసీ పిల్లలు కూడా అవే బల్లల ముందు కూర్చున్నారు. ఎవరి ఉస్తాద్ ఎవరో చూస్తే ఈ రాష్ట్రాల మతసామరస్యం గురించి సభల్లో చెప్పే ఉపన్యాసాల కంటే ఎక్కువే తెలుస్తుంది.

1982లో రంగుల టీవీ వచ్చింది. 1984 ప్రాంతంలో ఊరూరా ట్రాన్స్‌మిటర్లు లేచాయి. అప్పటికే గల్ఫ్ దారి తెరుచుకుని ఉంది. పాతబస్తీ నుంచి, కరీంనగర్, నిజామాబాద్, కడప నుంచి పోయినవాళ్లు సెలవుకొస్తూ పెద్ద అట్టపెట్టెలు తెచ్చారు. మొదట 21 అంగుళాలు, తర్వాత 29. ఎడారిలో రెండేళ్లు పడ్డ కష్టం ఆ అట్టపెట్టెలో ఉండేది. సౌదీ ఇళ్లలో ఆనాడు 127 వోల్టుల కరెంటు వాడకం ఉండేది. దానికి తగ్గ సామాను ఇక్కడి 220 మీద పెడితే ముందు పొగ వచ్చేది, తర్వాత ఏడుపు వచ్చేది. మిస్త్రీని పిలిచేవాళ్లు.

ఇక్కడే ఒక సంగతి గమనించాలి. చిన్న టీవీని గిరాకీ దుకాణానికి మోసుకొస్తాడు. 29 అంగుళాల గాజు ట్యూబున్న డబ్బాను నలుగురు పట్టినా మెట్లు దిగడం కష్టం. అందుకే మిస్త్రీయే ఇంటికి పోవాలి. గుమ్మం దాటాలి, హాల్లోకి పోవాలి, ఒక్కోసారి దేవుడి పటాల కింద కూర్చుని పని చేయాలి. పెద్ద టీవీ రిపేరు చరిత్ర అంటే ఎవరి గుమ్మం ఎవరికి తెరుచుకుందనే చరిత్రే.

ఆ పని ఎట్లా ఉండేదో మా మామూ వెంట సంచి మోస్తూ చూశాను. వెనక మూత విప్పితే ఏళ్ల దుమ్ము. ముందు బ్రష్షుతో దులిపేవాడు. స్విచ్చి తీసినా పెద్ద ట్యూబులో కరెంటు దాక్కుని ఉంటుంది. నడిచేటప్పుడు దానికి అందేది 25 వేల వోల్టుల పైమాటే. దాన్ని ఎర్తుకు వదలకుండా చేయి పెట్టనిచ్చేవాడు కాదు. తర్వాత రోగం చూసేవాడు. తెర నడుమ అడ్డంగా ఒక్క తెల్ల గీతే మిగిలితే వర్టికల్ ఐసీ. తట్టినప్పుడల్లా బొమ్మ వచ్చిపోతుంటే ఎక్కడో డ్రై సోల్డర్, అంటే అతుకు లోలోపల విడిపోయింది. మూలల్లో రంగు మరకలు పడితే పక్కన పెట్టిన స్పీకర్ అయస్కాంతం, లేదా ట్యూబ్ చుట్టూ ఉండే డీగాసింగ్ చుట్ట పని చేయడంలేదు. అసలేమీ వెలగకపోతే లైన్ ట్రాన్సిస్టరో, ఈహెచ్‌టీయో.

చివరికి ఇంట్లో అద్దం అడిగేవాడు. చేతులు సెట్టు వెనక, బొమ్మేమో ముందు. ఎదురుగా అద్దం నిలబెడితే గానీ సరిచేసింది ఎంతవరకు వచ్చిందో తెలీదు. దేశమంతా టీవీని ముందు నుంచి చూసింది. మిస్త్రీ వెనక నుంచి, అద్దంలో చూశాడు.

1987 జనవరిలో 'రామాయణ్' మొదలైంది. ఆదివారం పొద్దున వీధులు ఖాళీ. అందుకని మిస్త్రీలకు శనివారం రాత్రి నిద్ర లేదు. పొద్దునకల్లా బొమ్మ రావాలి. ఎవరి ఇంట్లో రాముడి బొమ్మ ఎవరి చేతి మీదుగా వచ్చిందో ఆనాడు ఎవరూ అడగలేదు. మా ఇళ్లలోనూ చూశాం, ఇష్టంగానే చూశాం. తర్వాత 'మహాభారత్'కు మాటలు రాసింది ఘాజీపూర్ జిల్లాకు చెందిన రాహీ మాసూం రజా. ముందు మాటలు రాసినవాడూ, వెనక అతుకు పెట్టినవాడూ మావాళ్లే. ఆయన 1992 మార్చిలో కన్నుమూశారు. ఆ ఏడు డిసెంబర్ 6 చూడలేదు.

మేం చూశాం. 1990 డిసెంబర్‌లో హైదరాబాద్ అల్లర్లు, కర్ఫ్యూ. రెండేళ్లకు బాబ్రీ. ఆ తర్వాత కొన్ని గుమ్మాల దగ్గర కొత్త ప్రశ్న వినపడింది. 'నీ పేరేంది?' పదేళ్లుగా 'మిస్త్రీ భాయ్' అని పిలిచిన ఇంట్లోనే. ఒకచోట పని అయ్యాక మంచినీళ్లు వేరే గ్లాసులో వచ్చాయి. మామూ తాగాడు, పైసలు తీసుకున్నాడు, ఏమీ అనలేదు. ఇంకో ఇంట్లో మాత్రం కర్ఫ్యూ సడలగానే ఆ ఇంటి పెద్దమ్మ మనిషిని పంపింది, టీవీ చెడిపోలేదు, 'కొడుకు క్షేమమేనా' అని అడగడానికి. రెండూ చరిత్రే. ఒకటి చెప్పి ఒకటి దాస్తే అబద్ధమవుతుంది.

మా లోపలి లెక్క కూడా చెప్పాలి. 'టీవీ హరామ్' అన్న ప్రసంగాలు మా మసీదుల్లో విన్నాం. అవి విన్నవాళ్లే పెళ్లిలో జహేజ్ కింద పెద్ద టీవీ అడిగారు. మిస్త్రీ సంపాదన మీద బతుకుతూ, సంబంధాల దగ్గర మాత్రం సయ్యద్ ఖాందాన్, జాగీర్దార్ ఖాందాన్ అని చెప్పుకున్నారు. చేతిపనిని తక్కువగా చూడటం బయటివాళ్ల దగ్గరే లేదు, మా దస్తర్‌ఖాన్ చుట్టూ కూడా ఉంది. ఈ రోజు మమ్మల్ని 'పంక్చర్‌వాలా' అని ఎద్దేవా చేసేవాళ్లకు జవాబు మా తాత నవాబని చెప్పడం కాదు. అవును, పంక్చర్ వేశాం, టీవీ బాగుచేశాం, మీ చీకటి ఇళ్లలో వెలుగు తెచ్చాం, అందులో సిగ్గేముంది అని అడగడం.

2006లో సచార్ కమిటీ చెప్పిన లెక్క ఇదే. ముస్లిం పనివాళ్లలో 61 శాతం స్వయం ఉపాధి మీద బతుకుతున్నారు, హిందువుల్లో 55 శాతం. స్వయం ఉపాధి అన్న మాట వినడానికి బాగుంటుంది. జీతం, పింఛను, సెలవు ఏవీ లేవని దాని అర్థం. అందుకే పని మాయమైతే మనిషి కూడా మాయమవుతాడు. పలచటి టీవీలు రాగానే అదే జరిగింది. వాటి పానెల్ పగిలితే అతుకు లేదు, బోర్డు పోతే బోర్డే మార్చాలి, ఆ బోర్డు కంపెనీ ఇస్తేనే ఉంది. ముసలి ఉస్తాదులు కొందరు మొబైల్ షాపుల ముందు స్టూలేసుకున్నారు, కొందరు ఆటో ఎక్కారు. వాళ్లు బతికించిన డబ్బాలు జుమ్మెరాత్ బజార్లో రాగి కోసం విప్పుడయ్యాయి.

2022లో కేంద్ర ప్రభుత్వం 'రిపేరు హక్కు' మీద కమిటీ వేసింది. మంచిదే. కానీ వస్తువు కొన్నవాడికి బాగుచేయించుకునే హక్కుంటే, బాగుచేసేవాడికి ఏ హక్కుంది? విడిభాగాలు, డయాగ్రాలు గల్లీ దుకాణానికి అందాలి. దుకాణంలో నేర్చిన విద్యకు ప్రభుత్వం పరీక్ష పెట్టి పట్టా ఇవ్వాలి. పనిచేయలేని వయసులో పింఛను కావాలి. ఇవి దయాధర్మాలు కావు.

ఇక చరిత్రకారులకు, మా రచయితలకు ఒక మాట. నిజాంల మీద పుస్తకాలు చాలానే వచ్చాయి. బతికున్న ఉస్తాదులు ఇంకా కొందరున్నారు. వాళ్ల దగ్గర కూర్చుని రాసుకోండి, ఏ సెట్టు ఏ ఇంట్లో, ఏ ఏడు, ఏ గుమ్మం తెరుచుకుంది, ఏది మూసుకుంది అని. వాళ్లు పోయాక ఈ దేశాన్ని వెనక నుంచి చూసినవాళ్ల సాక్ష్యం మనకు దొరకదు.