ఊరపిచ్చుక: పాతికేళ్ల లెక్కలు ఏం చెబుతున్నాయి?

ఊరపిచ్చుకలు అంతరించిపోతున్నాయన్న ఆందోళన దేశంలో ఏటా మార్చి 20న, ప్రపంచ పిచ్చుకల దినోత్సవం నాడు, మళ్లీ వినిపిస్తుంది. లెక్కలు మాత్రం అంత సూటిగా లేవు. 2020 ఫిబ్రవరిలో వెలువడిన ‘భారత పక్షుల స్థితి’ నివేదిక ప్రకారం, దేశం మొత్తం మీద ఈ పక్షి పాతికేళ్లకు పైగా దాదాపు నిలకడగానే ఉంది. తగ్గుదల కనిపించింది మహానగరాల్లో. బెంగళూరు, చెన్నై, ఢిల్లీ, హైదరాబాద్, కోల్‌కతా, ముంబైల గణాంకాలు క్రమక్షయాన్ని సూచించాయి.

ఇక్కడ ‘లెక్క’ అంటే పిచ్చుకలను ఒక్కొక్కటిగా లెక్కించడం కాదు. పక్షి పరిశీలకులు తాము చూసిన జాతుల జాబితాలను ‘ఈబర్డ్’ వేదికలో నమోదు చేస్తారు. ప్రతి వంద జాబితాల్లో ఎన్నింటిలో పిచ్చుక ఉందో చూసి, ఆ నిష్పత్తిని 2000కు ముందటి కాలంతో పోలుస్తారు. పాత జాబితాలు తక్కువ కాబట్టి అంచనాల్లో కొంత అనిశ్చితి తప్పదు. అయినా ‘మా వీధిలో కనిపించడం లేదు’ అన్న అనుభవం కంటే ఇది గట్టి ఆధారం. ఆ అనుభవం అబద్ధమూ కాదు. అది ఎక్కువగా నగరవాసి అనుభవం, అంతే.

నగరంలో పిచ్చుకకు ఏం కరవైంది? పెంకుటిళ్ల చూరులు, గోడల కంతలు, పటాల వెనుక సందులు పోయాయి. గింజలు తినే ఈ పక్షి తన పిల్లలకు తొలి రోజుల్లో పెట్టేది ముఖ్యంగా పురుగులనే. మట్టి నేల, పొదలు లేని చోట ఆ పురుగులు దొరకవు. గూటిపెట్టె మొదటి లోటునే తీరుస్తుంది. సెల్ టవర్ల రేడియేషనే కారణమన్న ప్రచారానికి గట్టి రుజువు లేదని 2020 నివేదికే పేర్కొంది. తెలుగు పల్లెల్లో ఇళ్ల చూరులకు, గుడి మండపాలకు వరి కంకుల కుచ్చులు కట్టే అలవాటు పిచ్చుకకు గింజలను, మనిషి చెంతనే చోటును కల్పించింది.

బ్రిటన్ అనుభవం వేరు. అక్కడ 1970ల నుంచి ఊరపిచ్చుకల సంఖ్య సగానికి పైగా పడిపోయింది. 2002లో దానిని రెడ్ లిస్టులో చేర్చారు. భారత్‌లో ఢిల్లీ 2012లో దీనిని రాష్ట్ర పక్షిగా ప్రకటించింది.

2023 నివేదికలో దీర్ఘకాలిక ధోరణి తేలిన 338 జాతుల్లో 204 తగ్గుముఖం పట్టాయి. ప్రపంచ స్థాయి ముప్పు స్థితిని తిరిగి మదింపు చేయాలని ఆ నివేదిక సిఫార్సు చేసిన జాతుల్లో పిచ్చుక లేదు. తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరా నాడు జనం వెతుక్కుంటూ వెళ్లి చూసే పాలపిట్ట ఉంది.